ప్రతినాయకుని కల్పన

కావ్యమున నాయకుని గొప్పతనము ప్రతినాయకునిబట్టి తెలియునని మన యాలంకారికులు గ్రహించిరి. శత్రువుయొక్క వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా కొనియాడి, అట్టివానిని సైతము గెలిచెనని నాయకుని వర్ణించుట తనకు ప్రీతికరమని దండి కావ్యాదర్శమున చెప్పెను. పదవ శతాబ్దమున దశరూపకము రచించిన ధనంజయుడు ప్రతినాయకుని లోభి యనియు, ధీరోద్ధతుడనియు, మొండివాడనియు, పాపాచారుడనియు, వ్యసని యనియు లక్షణీకరించెను. ఇంతకు మించి యీ విషయమున తెలిసికొనవలసిన దేమున్నదని సంస్కృతము చదివినవారు తలంపవచ్చును.

కాని యేబదియేండ్లకు పైగా పూర్వము అమెరికా సంయుక్తరాష్ట్రములలో పుట్టిన యొక యాట యీ ప్రశ్నను క్రొత్తగా లేవనెత్తినది. కవి నాయకునిచేతను ప్రతినాయకునిచేతను తానే మాటలాడించును. ఎవరెప్పుడు ప్రవేశింపవలయునో, ఎవరెప్పుడు మడియవలయునో తానే నిర్ణయించును. ఈ యాటలో కల్పించువానికి ప్రతినాయకుడు మాత్రమే స్వాధీనుడు. నాయకులు నలుగురో యైదుగురో యెదుట సజీవులై కూర్చుండి, తమకు తోచినట్లు మాటలాడుచు, తమకు నచ్చిన త్రోవను పోవుచుందురు. అట్టివారికి మరపురాని శత్రువును కల్పించుట యెట్లు? ఈ ప్రశ్నకు ఆ యాటవారు కనుగొనిన సమాధానమును, ఆ సమాధానమున మిగిలిపోయిన లోపములను ఇచ్చట చరిత్రరూపమున వివరింప దలచితిమి. విషయము వినోదమునకు సంబంధించినదే. అయినను దుష్టత్వమనగా నేమియో యువజనులు దేనినిచూచి నేర్చుకొనుచున్నారను ప్రశ్న యిందు గర్భితమైయున్నది గనుక, పిల్లలుగల గృహస్థులు దీనిని తేలికగా చూడరాదు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. డంజన్ అనగా కోటక్రింది చీకటిచెర. డ్రాగన్ అనగా పాశ్చాత్యుల కథలలోని రెక్కలుగల మహాసర్పము. బల్లచుట్టును నలుగురైదుగురు చేరి, ఒకడు యోధుని, ఒకడు మంత్రవేత్తను, మరియొకడు దొంగను, ఇట్లొక్కొక్కరొక్క పాత్రను ధరింతురు. వేషము లేదు, రంగస్థలము లేదు, మాటయే సర్వస్వము. వారిలో నొకరు మాత్రము ఏ నాయకపాత్రను ధరింపక, లోకమునంతను, అందలి ప్రజలను, శత్రువులను తన వాక్కుతో నిలుపుదురు. ఆంగ్లమున వారికి డంజన్ మాస్టర్ అని పేరు. మనము సూత్రధారి యందము. ఎదుట పెద్దతలుపున్నది, లోపల నెవరో పాడుచున్నారు, మీరేమి చేయుదురని సూత్రధారి యడుగును. ఆటగాండ్రు తమ నిశ్చయమును చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచోట ఇరువది ముఖముల పాచిక తీర్పు చెప్పును. ఒకనాటితో ముగియక వారము వారమును కొనసాగి, నెలలును సంవత్సరములును నడచు కథకు కాంపెయిన్ అని పేరు. దండయాత్ర యని దాని మూలార్థము.

ఆ పదమే యాటయొక్క పుట్టుకను తెలుపుచున్నది. బొమ్మసైనికులను బల్లపై నిలిపి పూర్వపు యుద్ధములను తిరిగి పోరాడుట పాశ్చాత్యులలో కొందరికి వేడుక. 1969 లో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరములలో డేవిడ్ వెస్లీ యను నాతడు నెపోలియను కాలపు యుద్ధక్రీడ నొకదానిని నడుపుచు, బ్రౌన్‌స్టైన్ అను కల్పిత జర్మనుపట్టణమున ఒక్కొక్క యాటగానికి సేనకు బదులు ఒక్కొక్క మనుష్యుని పాత్ర నిచ్చెను. పటాలమును నడపుటకు మారుగా మనుష్యుడై మాటలాడుట ఆడువారికి మిక్కిలి రుచించెను. ఆ గోష్ఠిలోనివాడే యైన డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతమున బ్లాక్‌మూర్ అను మాయాలోకమును కల్పించి, ఆ పద్ధతినే నడపెను. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్నయూరిలో నుండిన గారీ గైగాక్స్ ఆతనితో చేరి నియమములను కూర్చగా, 1974 లో మూడు చిన్నపుస్తకములు ఒక పెట్టెలో అమ్మకమునకు వచ్చెను. మొదటికూర్పు 1000 ప్రతులు.

బ్లాక్‌మూర్‌నాటి సంగతి యొకటి మాకు మిగుల విలువైనదిగా తోచుచున్నది. ఆ గోష్ఠిలో ఒక యాటగాడు ధరించిన ప్రభువుపాత్ర రక్తపిశాచిగా మారెను. పాత్ర మారినను ఆతడు ఆట విడువలేదు. తన తోడివారికే శత్రువై నిలిచెను. క్రమముగా ఆతని బలము పెరిగి తక్కినవా రాతనిని నిలువరింప జాలకపోగా, ఆతని నెదిరించుటకై శిలువధారి యగు పురోహితపాత్ర యొకటి క్రొత్తగా కల్పింపవలసి వచ్చెను. నేటికిని ఆ యాటలో క్లెరిక్ అను పేర నున్న పాత్రకు మూలమిదియే. దీనినిబట్టి యీ యాటయొక్క తొలి ప్రతినాయకులలో నొకడు సూత్రధారి కల్పించినవాడే కాడు. బల్లకావలివైపున కూర్చున్న మిత్రుడు. ఆతడు వినును, ఆలోచించును, నిన్నటి యోటమిని మనసున నుంచుకొని నేడు క్రొత్త పన్నుగడ పన్నును. ఆటగాండ్ర బుద్ధికి సాటియైన బుద్ధి యెదుటనుండుటవలన ఆ శత్రువు మరపునకు రాకుండెను.

ఆట అచ్చుపడిన తరువాత ఈ సజీవత్వము కొంతకాలము మరుగుపడెను. తామే కథ కల్పించుకొనలేని సూత్రధారులకొరకు అచ్చుకథలు వెలువడసాగెను. అచ్చులో మిత్రుని పెట్టి యమ్మలేము గదా. కాబట్టి వానిలో దుష్టులు అంకెలువేసిన గదులలో కాపురముండిరి. పదునేడవ గదిలో నొక భూతము, పదునెనిమిదవ గదిలో రెండు. తలుపు తెరచువరకు అవి యేమి చేయుచుండెనో, ఏమి తినుచుండెనో యెవరికిని తెలియదు. తెలియవలసిన యగత్యమును లేదు. తలుపు తెరచిన తోడనే అవి లేచి పోరును.

ఈ పద్ధతికి పరాకాష్ఠ గైగాక్స్ రచించిన టూమ్ ఆఫ్ హారర్స్. 1975 లో బాల్టిమోరునగరమున జరిగిన ఆరిజిన్స్ ఉత్సవమున పోటీకై దీని నాడించి, 1978 లో ప్రకటించిరి. అసెరెరాక్ అను మాంత్రికుని సమాధియే కథాస్థలము. అడుగడుగునను బోనులు, మోసపుదారులు, ప్రాణాంతకములైన చమత్కారములు. అన్నిటిని దాటి తుదిగదిని చేరినవారికి కనబడునది పిడికెడు ధూళియు నొక కపాలమును. ముట్టినచో ఆ కపాలము పైకి లేచి ఆత్మలను పీల్చివేయును. అసెరెరాక్ పేరు ఆటగాండ్రలో నేటికిని మారుమ్రోగుచున్నమాట నిజము. కాని ఆ కీర్తి సమాధిది, సమాధిలోనివానిది కాదు. ఆతని కేమి కావలయునో, ఏల యట్లు చేయుచున్నాడో అడుగుటకు ఆ కథలో అవకాశమే లేదు. కఠినమైన గణితసమస్యను కట్టినవానిని విద్యార్థి తలంచుకొనునట్లు ఆటగాండ్రాతనిని తలంచుకొందురు.

అదే సంవత్సరమున గైగాక్సే మరియొక త్రోవ త్రొక్కెను. రాక్షసకాయులు ఊళ్ళపై బడి దోచుచున్నారు; వారిని శిక్షింపుడని ఆటగాండ్రకు పని. కొండరాక్షసుల కోటను, మంచురాక్షసుల గుహను, అగ్నిరాక్షసుల మందిరమును వరుసగా గెలిచినకొలది, ఈ మూడుజాతులను వెనుకనుండి పురికొల్పుచున్న చేయి మరియొకటి యున్నదని యానవాళ్ళు దొరకును. భూగర్భవాసులగు డ్రౌ అను నల్లని యెల్ఫుజాతివారి చేయి యది. వారి వెంబడిపోగా తుదకు 1980 నాటి పుస్తకమున లోల్త్ అను సాలెపురుగు దేవతయొద్దకు దారి తేలును. ఏడుపుస్తకముల పొడవున సాగిన కథయిది. శత్రువు కనబడకముందే ఆతని పని కనబడవలయునను సూక్ష్మము ఇందు స్పష్టమైనది. అయినను లోల్త్ యెదురుపడునప్పటికి ఆటగాండ్రతో నామెకు పూర్వపరిచయ మేమియు నుండదు. ఇంతదూర మిద్దరును నడచివచ్చి తుదకు అపరిచితులవలె పోరాడుదురు.

కనబడకయే కీర్తిగన్నవాడు మరియొకడు కలడు. 1976 లో వెలువడిన ఎల్డ్రిచ్ విజార్డ్రీ యను అనుబంధపుస్తకమున వెక్నా యను ప్రాచీనమాంత్రికుని చేయియు కన్నును మాయావస్తువులుగా వర్ణింపబడెను. వెక్నా యను పేరు వాన్స్ అను రచయిత పేరులోని యక్షరములను తారుమారు చేసినది. ఆ చేతి శక్తిని పొందగోరువాడు తన చేతిని నరికికొని దాని నచ్చట అతికించుకొనవలయును. కన్నును గూర్చియు నిదే నియమము. ఆ మాంత్రికుడెవడో, ఎట్లు ముక్కలాయెనో నాలుగైదు వాక్యములకు మించి చెప్పలేదు. అయినను శక్తికొరకు తనను తానెంతవరకు కోసికొనునను ప్రశ్నను ఆటగానియెదుట పెట్టినందున ఆ పేరు పదునాలుగేండ్లు ఊహలలో పెరిగెను. 1990 లో గాని ఆతడు శత్రువుగా ఒక కథలో నిలువలేదు. 2022 లో స్ట్రేంజర్ థింగ్స్ అను దృశ్యకథ ఆ పేరు నెరవు తీసికొనగా, మన బాలురకును అది పరిచితమైనది.

ఇక మా ముఖ్యవిషయమునకు వత్తుము. 1970 ల చివర ట్రేసీ హిక్మన్ అను యువకుడు ఒక మిత్రుని యాటలో చీకటిచెరలలో తిరుగుచు, క్షుద్రభూతములను జయించుచు పోయి యొక తలుపు తెరవగా లోపల నొక రక్తపిశాచి కనబడెనట. అప్పు డాతనికి, ఈ రక్తపిశాచి కిచ్చట నేమి పని యను సందేహము కలిగెను. అంకెలువేసిన గదులలోని భూతములను వేలకొలది జనులు అప్పటికే చంపియుందురు. ఈ ప్రశ్న నింత గట్టిగా పట్టుకొనినవా రరుదు. ట్రేసీయు ఆతని భార్య లారాయు రక్తపిశాచి కథల మూలములను వెదకి చదివిరి. బైరనుకవికి వైద్యుడుగా నుండిన పాలిడోరి, ఆ కవి ఛాయలతోనే రూతెన్ ప్రభువను రక్తపిశాచిని కల్పించి 1819 లో ప్రకటించిన కథయు, 1897 నాటి బ్రామ్ స్టోకర్ రచనయగు డ్రాకులాయు ఈ సంప్రదాయమునకు పునాదులు. దంపతులిద్దరు తాము కట్టిన కథను కొన్నియేండ్లపాటు హాలోవీన్ పండుగదినమున మిత్రులతో నాడి చక్కబరచుకొనిరి. 1983 లో దానిని గైగాక్స్ సంస్థయగు టీఎస్ఆర్ రావెన్‌లాఫ్ట్ అను పేర 32 పుటల పుస్తకముగా ప్రకటించెను. అందలి ప్రతినాయకుడు స్ట్రాడ్ వాన్ జరోవిచ్ ప్రభువు.

స్ట్రాడ్ కథ యిది. యౌవనమంతయు యుద్ధములలో గడపి, శత్రువులను తరిమి, బరోవియా యను లోయ నాక్రమించి, అచ్చట కోటలో నివాసమేర్పరచుకొనెను. అప్పటికి వయసు మీరినది. అంతట సర్గయి యను తమ్ముడు వచ్చెను, అందగాడు, పడుచువాడు. ఊరిలోని తాత్యానా యను కన్యను అన్నయు కోరెను, తమ్ముడును కోరెను. ఆమె తమ్ముని ప్రేమించెను. అన్న నామె పెద్దవాడని మన్నించినదే కాని వేరు దృష్టితో చూడలేదు. స్ట్రాడ్ మృత్యువుతో రక్తపుటొడంబడిక చేసికొని, వివాహదినముననే తమ్ముని చంపెను. తన ప్రేమను తెలుపబోగా తాత్యానా పారిపోయి కోటగోడపైనుండి మంచులోనికి దుమికెను. భటుల బాణములు స్ట్రాడ్ దేహమున నాటుకొనెను గాని ఆతనికి చావు రాలేదు. తరువాత లోయచుట్టును విషపుమంచు క్రమ్మినది. లోన బ్రవేశించినవారు వెలుపలికి పోజాలరు. ఎన్నోతరములు గడచిన పిమ్మట ఐరీనా కోల్యానా యను కన్య తాత్యానా రూపముతోనే యా లోయలో కనబడెను.

ఈ కథలో ప్రతినాయకుని ప్రవేశమును చదువరులు గమనింపవలయును. ఆటగాండ్రు బరోవియా యూరిలోనికి వచ్చునప్పటికి తలుపులన్నియు మూసియుండును. ఐరీనా తండ్రి, ఆ యూరిపెద్ద, మరణించియున్నాడు. దినములు గడచినను శవమును మోయుటకు ఊరిలో నొక్కడును ముందుకు రాడు. అందరికిని కోటలోనివాని భయము. శవపేటికను చర్చివరకు మోసికొనిపోవుట ఆటగాండ్రకు తొలి ధర్మకార్యమగును. స్ట్రాడ్ ఇంకను కంటబడలేదు. అయినను ఆతడెట్టివాడో, ఆతని యేలుబడి పొరుగువాని మనస్సును ఎంతవరకు చంపినదో, భుజముమీది బరువువలన తెలిసిపోయినది. వంద రాక్షసుల పేర్లు చదివినను ఇంతటి యెరుక కలుగదు.

రెండవ విశేషము: స్ట్రాడ్‌కు గది లేదు. కోటలోని గదులకు అంకెలున్నవి గాని ఆతడు వానిలో నొకదానిని కాచుకొని కూర్చుండడు. తన యింట తా నెచ్చటనైన నుండును. సందుచూచి కొట్టును, తగ్గును, గోడలో మాయమగును. ఆటలో నొకచోట భవిష్యము చెప్పు ముదుసలి మదాం ఈవా చీట్లు పరచును. శత్రువును చంపజాలు ఖడ్గ మెచ్చటనున్నదో, ఆతని దినచర్యపుస్తక మెచ్చట దాగినదో, అంతేకాదు, ఈమారు స్ట్రాడ్ కోరునదేమియో, ఆ చీట్లనుబట్టి మారును. ఒక గోష్ఠిలో నాతడు ఐరీనాను వశపరచుకొన జూచును. మరియొక గోష్ఠిలో తన మృత్యువగు ఖడ్గమును నాశనముచేయ జూచును. కోరికను సూత్రధారి చేతికిచ్చి, దానిని సాధించు త్రోవను ఆతడే వెదకునట్లు విడిచిరి. ఇప్పుడు స్ట్రాడ్ మాటలాడునపుడు వెనుక నుండునది అచ్చువాక్యము కాదు, ఆలోచించుచున్న మనుష్యుడు. బ్లాక్‌మూర్‌లో బల్లకావల కూర్చున్న మిత్రుడు పండ్రెండేండ్లకు మరల వచ్చెనని మేము చెప్పుట యిందుచేతనే.

మరియొకటి. సర్వశక్తుడగు శత్రువు మరపునకు వచ్చును. కట్టుబాటుగల శత్రువు గుర్తుండును. రక్తపిశాచి పిలువని యింటిలోనికి రాజాలడు, ప్రవహించు నీటిని దాటజాలడు, సూర్యకాంతిని సహింపజాలడు. మన పురాణములలోని వరములును ఇట్టివే. రావణుడు నరులను లెక్కింపక విడిచెను. హిరణ్యకశిపుడు పగలును రాత్రియు, ఇంటను బయటను అడ్డుపెట్టి గడపను మరచెను. ఆ సందును వినువాడు తానే కనిపెట్టబోవునట్లు కథ నడచుటలో నెంతయో రుచి కలదు. బల్లయాటలో ఆ సందును నిజముగానే యాటగాడు కనిపెట్టవలయును. సూత్రధారి తన ప్రతినాయకునిపై మమకారము పెంచుకొని, ఆటగాండ్రు న్యాయముగా పట్టినపుడు ఏదోయొక సాకుతో తప్పించినచో ఆట చెడును. మొదటి సమాగమముననే శత్రువు చచ్చుటకును సిద్ధపడియుండవలయును. లేదా ఆతడు స్వయముగా రాకుండుటకు ఆతని స్వభావమునందే కారణ ముండవలయును. స్ట్రాడ్ తొందరపడి చంపడు, ఏలయన నాతడు విసిగియున్నాడు, క్రొత్తవారితో క్రీడింప గోరుచున్నాడు. 2016 లో క్రిస్ పెర్కిన్స్ ముఖ్యరచయితగా, హిక్మన్ దంపతుల సలహాతో ఈ కథ కర్స్ ఆఫ్ స్ట్రాడ్ అను పెద్దగ్రంథముగా వెలువడెను. అందు స్ట్రాడ్ ఆటగాండ్రకు సంతకముచేసిన ఆహ్వానపత్రిక పంపి కోటకు పిలుచును. శత్రువుతో పోరుటకు ముందు ఆతని బల్లయొద్ద కూర్చుండవలసివచ్చిన వారికి, విస్తరిలో నేమి వడ్డించిరో సైతము చాలకాలము జ్ఞాపకముండును.

ఇంతవరకు శిల్పము. ఇక శీలమును గూర్చి. స్ట్రాడ్ దినచర్యపుస్తకమును చదివినవారికి ఆతడు తనను తానెంత చక్కగా సమర్థించుకొనుచున్నాడో తెలియును. మొదట మంచివాడనే, యుద్ధములు నన్నిట్లు చేసినవి. వయసు పోయినది, తమ్మునికి వయసున్నది. ప్రేమకొరకే యింతయు చేసితిని. వినుటకు జాలి కలుగును. ఈ జాలియే ఆతని కోరలకన్న అపాయకరమైనది. కర్స్ ఆఫ్ స్ట్రాడ్ తొలిపలుకులో ట్రేసీ హిక్మన్ ఈ సంగతినే హెచ్చరించెను. విషాదప్రణయపు ముసుగు వెనుక దాగిన స్వార్థమృగమే రక్తపిశాచి యనియు, బాధించువానిని తగినంత ప్రేమించినచో మారునను నమ్మకము అబద్ధమనియు ఆతని భావము. ఆంగ్లదేశపు కథలకును, అమెరికా చలనచిత్రములకును మాత్రమే తగిన మాట కాదిది. అత్తవారింట దెబ్బలు తినుచున్న కూతునకు, ఓర్చుకొనుము, నీ మంచితనమే యాతనిని మార్చునని చెప్పి మరల బండియెక్కించిన తల్లిదండ్రులు మన వీధిలోనే కలరు.

తిక్కన విరాటపర్వమున కీచకుని తీర్చినపుడు ఈ రహస్యమును ఎరిగియే తీర్చెనని మా యభిప్రాయము. కీచకుడు సైరంధ్రితో మాటలాడునపుడు తనను విరహపీడితుడగు నాయకునిగానే భావించుకొనును. ఆమె కాదనిన తోడనే ఆ ప్రణయమునుండి పుట్టుకొనివచ్చినది సభలో తన్నిన కాలు. విరటుని సభ చూచుచు మిన్నకుండెను; బరోవియా తలుపులు మూసికొనినట్లు. 1963 నాటి నర్తనశాలలో ఎస్.వి. రంగారావు కీచకుని ధరించినపుడు ఆ మదమును, ఆ ప్రేమభ్రాంతిని కలిపి చూపినందుననే ఆ పాత్ర యింకను కన్నులకు కట్టియున్నది. కోరదంతముల కీచకుని చూపియున్నచో ఎవరికి జ్ఞాపకముండును?

ఇక్కడ మా విద్యార్థి యొకని సంగతి చెప్పవచ్చును. పైతరగతి బాలురు కొందరు సెలవుదినములలో ఈ యాట నాడుచుందురు. అందొకడు తాను కల్పించిన ప్రతినాయకుని చిత్రమును గీసి మాకు చూపెను. తలలు తొమ్మిది, ఆయుధములు లెక్కకు మించినవి. వీడు చెడ్డవాడెట్లయ్యెనని యడిగితిమి. రాక్షసుడు గదా, మాస్టారూ, అని యాతడు నిస్సంకోచముగా జవాబు చెప్పెను.

బాలుని తప్పేమున్నది? ఆట పుస్తకములే చాలకాల మట్లు నేర్పినవి. మన రాక్షసుడును ఆ పుస్తకముల కెక్కినాడు. 1975 లో గైగాక్స్ సంస్థ పత్రికలోను, 1977 నాటి మాన్‌స్టర్ మాన్యుయల్ లోను ఆతడు కలడు. పులితల పెట్టుకొని, పొగగొట్టము పట్టుకొని, దొరవలె కూర్చున్న ఆ బొమ్మను చూచి మేము నవ్వు నాపుకొనలేకపోతిమి. నవ్వు కావలి సంగతి వేరు. ఆర్క్ యనియు, డ్రౌ యనియు, రాక్షసుడనియు జాతిపేరు చెప్పి ఆ జాతియంతయు దుష్టమని పక్కనే వ్రాసియుండుట అందు పరిపాటి. పుట్టుకచేతనే దుష్టుడైనవాడు నిజముగా దుష్టుడెట్లగును? పులి లేడిని తినుట పాపము కాదు గదా. స్ట్రాడ్ తమ్ముని చంపకయుండవచ్చును, చంపుటకు నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమునందే ప్రతినాయకత్వ మున్నది. మన విభీషణుని పుట్టించిన కవి యీ సంగతి నేనాడో యెరుగును.

ఈ లోపము రావెన్‌లాఫ్ట్ నందును కలదు. స్ట్రాడ్‌కు వేగులుగా పనిచేయు విస్తానీలను సంచారజాతిని అందు వర్ణించిరి. బండ్లలో తిరుగుట, చీట్లు చూచి భవిష్యము చెప్పుట, త్రాగుట, మోసము. యూరపులోని రోమానీ ప్రజలపై నూర్ల యేండ్లుగా మోపబడిన నిందలన్నియు విస్తానీల నెత్తికెక్కినవి. రోమానీలు వేయి సంవత్సరములనాడు మన దేశమునుండి వలసపోయినవారే. వారి భాష హిందీకిని పంజాబీకిని చుట్టము. 2020 జూన్ నెలలో ఆట ప్రకాశకులగు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థవారు ఈ దోషము నొప్పుకొని, రోమానీ సలహాదారు నొకరిని నియమించుకొని, ఆ సంవత్సరమే కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌ను సవరించి ప్రకటించిరి. ఆర్కులు, డ్రౌలు మొదలగువారి వర్ణనలనుగూడ మార్తుమనిరి. 2024 నాటి నియమగ్రంథమున జాతియను నర్థమిచ్చు పూర్వపు పదమునే తొలగించిరి.

కొందరు దీనిని అతిసుకుమారమని యెగతాళి చేసిరి. అట్టివారికి మా ప్రాంతపు చరిత్రయే సమాధానము. 1871 లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టము చేసి, 1911 లో దానిని మద్రాసు రాజధానికిని విస్తరింపజేసెను. ఎరుకలవారిని పుట్టుకచేతనే దొంగలని లెక్కగట్టి, 1913 లో బాపట్లయొద్ద స్టూవర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి యధీనమున నుంచిరి. పసిబిడ్డ సైతము ఆ చట్టము దృష్టిలో రేపటి నేరస్థుడే. 1952 లో ఆ చట్టము దేశమంతటను రద్దయ్యెను గాని, ఊరి పేరు వినినతోడనే మూతి విరుచు నలవాటు అంత త్వరగా రద్దు కాలేదు. బల్లమీద కథలో జాతిని దుష్టమనుటకును, కచేరీ పుస్తకమున జాతిని దుష్టమని వ్రాయుటకును ఎంత దూరమున్నదో చదువరులే కొలుచుకొందురుగాక.

దుష్టుని పేరు మార్చినంతమాత్రమున మేలు జరుగదను టకును ఈ యాట చరిత్రలో నిదర్శనము కలదు. 1980 ల నాటి అమెరికాలో కొందరు తల్లిదండ్రులు ఈ యాట పిశాచపూజ నేర్పుచున్నదని భయపడి గగ్గోలుపెట్టిరి. 1989 లో వెలువడిన రెండవకూర్పునుండి సంస్థవారు డెవిల్, డీమన్ అను పదములను తొలగించి, తరువాత అవే భూతములను బాతేజు, తనారి యను వింతపేరులతో మరల ప్రవేశపెట్టిరి. పేరులు మారెను, భూతములు మారలేదు. వింత యేమనగా, ఆ మరుసటియేడే, 1990 లో, తమ్ముని చంపి స్త్రీని వేటాడిన స్ట్రాడ్ పేర రావెన్‌లాఫ్ట్ ఒక కథ గాక యొక లోకముగా విస్తరించెను. భయపడిన తల్లిదండ్రులకు కొమ్ములు కనబడినవి. ప్రభువు నల్లనికోటు కనబడలేదు.

స్ట్రాడ్ కల్పనలో మాకు మిక్కిలి నచ్చని యంశ మొకటి మిగిలినది. 1983 నాటి కథ ముగింపున స్ట్రాడ్ నశింపగా సర్గయి యాత్మ ప్రత్యక్షమై, ఐరీనాయే తాత్యానా యని తెలిసి, ఇద్దరును చేయిచేయి కలిపి పోవుదురు. చూచుటకు మంగళాంతమే. కాని ఐరీనా యను మనుష్యురాలెచ్చట? అన్న యామెను పూర్వజన్మపు రూపమునుబట్టి కోరెను. తమ్ముడును ఆ రూపమునుబట్టియే కొనిపోయెను. తండ్రిశవముప్రక్కన దినములకొలది కావలికూర్చున్న యా పిల్ల తన బ్రతుకునుగూర్చి యేమి తలంచినదో అడుగువారు లేరు. ప్రతినాయకుని యంత శ్రద్ధతో తీర్చినవారు, ఆతడు వేటాడిన స్త్రీని వేటవస్తువుగనే విడిచినచో ఆతని దోషము సగమే బయటపడినట్లు. 2016 నాటి గ్రంథమున ఆమెకు ధైర్యమును, ఆయుధమును, ఆటగాండ్రతో ప్రయాణించు వీలును కల్పించిరి. కొన్ని గోష్ఠులవారు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఐరీనా పాత్రను సూత్రధారిచేతి నుండి తీసి ఆటగాండ్రలో నొకరికే యిచ్చుచున్నారు. అట్టి గోష్ఠిలో కోటనుండి ఉత్తరము వచ్చినపుడు సూత్రధారి దానిని చదివి యూరకుండును. జవాబు వ్రాయునది ఆమె.